రాసిచ్చిన బిడ్డ తిరిగి రావచ్చునా? దత్తత, కన్నవారి హక్కు, న్యాయస్థానాలు (1899–2021): ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కన్నవారు ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి బిడ్డను ఇతరులకు అప్పగించినప్పుడు, ఆ తరువాత తమ బిడ్డ తమకు కావాలని వచ్చినప్పుడు, న్యాయస్థానం ఆ కాగితానికి ఎంత విలువ ఇవ్వాలి? దత్తతకూ పునరప్పగింతకూ మధ్య జరిగిన వివాదాల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 1912–14 నాటి నారాయణయ్య–అనీబిసెంట్ వ్యాజ్యం, 1999–2001 మధ్య తెలంగాణ తండాలలో వెలుగుచూసిన శిశు పరిత్యాగాలు, 2021లో తిరువనంతపురం కుటుంబ న్యాయస్థానం ఒక బిడ్డను కన్నతల్లికి అప్పగించిన ఉత్తర్వు అనే మూడు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బిడ్డ తిరిగి రావడం చట్టసూత్రం మీద కంటే, తుది ఉత్తర్వుకు ముందు కన్నవారు న్యాయస్థానం గడప తొక్కగలగడం మీదనే ఎక్కువగా ఆధారపడిందని ఈ పరిశీలనలో తేలుతుంది.

కీలక పదాలు: దత్తత, సంరక్షకత్వం, పరిత్యాగ పత్రం, కుటుంబ న్యాయస్థానం, లంబాడా తండాలు, బాలల సంక్షేమ కమిటీ.

1. ఉపోద్ఘాతం

దత్తత మన సమాజానికి కొత్త కాదు. అయితే ధర్మశాస్త్రాలు దత్తతను చూసిన దృష్టి వంశం నిలబడటం, పిండోదకాలు ఆగకపోవడం, ఆస్తికి వారసుడు దొరకడం అనే మూడింటి చుట్టూ ఉండేది. వలస పాలన కాలంలో దత్తత వ్యాజ్యాలు విస్తారంగా నడిచినా, వాటిలో అధిక భాగం జమీందారీ వారసత్వానికి సంబంధించినవే. దత్తత తీసుకునే అధికారం వితంతువుకు ఉన్నదా, జ్ఞాతుల అనుమతి అవసరమా వంటి ప్రశ్నలే వాటిలో ప్రధానం. ఆ వ్యాజ్యాలలో బిడ్డను తీసుకున్నవారి గొంతు వినిపిస్తుంది, ఆస్తి పోగొట్టుకున్న దాయాదుల గొంతు వినిపిస్తుంది. బిడ్డను ఇచ్చినవారి గొంతు మాత్రం అరుదు.

ఇరవయ్యో శతాబ్దంలో దత్తత స్వభావం మారింది. వారసుడి కోసం బిడ్డను వెతకడం తగ్గి, నిరాశ్రయుడైన బిడ్డకు ఇల్లు వెతకడం అనే భావన బలపడింది. బంధువుల మధ్య జరిగే దానం స్థానంలో, ఒకరినొకరు ఎరుగని రెండు కుటుంబాల మధ్య సంస్థలు నడిపే ప్రక్రియ వచ్చింది. ఈ మార్పుతోనే ఇచ్చినవారు నిజంగా ఇచ్చారా అనే ప్రశ్న కూడా ముందుకు వచ్చింది.

2. దానం, అప్పగింత: రెండు భిన్న సూత్రాలు

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లకు రెండు న్యాయసూత్రాలు స్థిరపడ్డాయి. ఆ రెండింటి వెనుకా తెలుగు కుటుంబాల వ్యాజ్యాలే ఉండటం విశేషం.

మొదటిది 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పిన బలుసు గురులింగస్వామి వ్యాజ్యం. ఏకైక కుమారుణ్ణి దత్తత ఇవ్వరాదని స్మృతికారులు చెప్పిన మాట ఆజ్ఞయా, హితబోధ మాత్రమేనా అన్నది అందులోని వివాదం. అది హితబోధ మాత్రమేననీ, దత్తత ఒకసారి జరిగిన తరువాత చెల్లుతుందనీ ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించింది. ఇవ్వడం, పుచ్చుకోవడం యథావిధిగా పూర్తయితే బంధం తెగినట్టే, కొత్త బంధం కలిసినట్టే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కూడా ఈ తత్త్వాన్నే నిలబెట్టింది. చెల్లుబాటైన దత్తతను కన్నవారు గాని, పెంచుకున్నవారు గాని రద్దు చేయజాలరని ఆ చట్టం 15వ సెక్షను చెబుతుంది.

రెండవ సూత్రం దీనికి భిన్నమైనది. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, ఆయన తమ్ముడు నిత్యానంద బాల్యంలోనే తల్లిని కోల్పోయారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగ విరమణ చేసిన తండ్రి నారాయణయ్య 1909లో కుటుంబంతో అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. 1910 మార్చిలో ఆయన తన ఇద్దరు కుమారులకు అనీబిసెంట్‌ను సంరక్షకురాలిగా అంగీకరిస్తూ లేఖ రాసిచ్చాడు. 1912లో ఆమె పిల్లలను ఇంగ్లండుకు తీసుకువెళ్లింది. లెడ్‌బీటర్‌తో పిల్లల సాంగత్యం విషయంలో తీవ్ర అభ్యంతరం కలిగిన తండ్రి, తన అంగీకారాన్ని వెనక్కు తీసుకుని అదే ఏడాది అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానంలో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది.

1913 ఏప్రిల్‌లో న్యాయమూర్తి బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించాలని తీర్పు ఇచ్చాడు. అప్పీలులోనూ తండ్రికే అనుకూలత లభించింది. 1914లో ప్రీవీ కౌన్సిల్ ఈ తీర్పులను తోసిపుచ్చింది. అయితే తండ్రికి హక్కు లేదన్నది అందుకు కారణం కాదు. పిల్లలు ఇంగ్లండులో ఉన్నందున ఆ దావాను విచారించే పరిధి చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానానికి లేదన్నదీ, పిల్లల పక్షం వినకుండా వారి భవితవ్యం తేల్చరాదన్నదీ ప్రధాన కారణాలు. ఆ తీర్పులోనే, తండ్రి సంరక్షకత్వం ఒక పవిత్రమైన బాధ్యత అనీ, బతికి ఉండగా దాన్ని శాశ్వతంగా మరొకరికి బదలాయించడం కుదరదనీ, పిల్లల పెంపకాన్ని ఇతరులకు అప్పగించినా ఆ అప్పగింతను సాధారణంగా వెనక్కు తీసుకోవచ్చుననీ ప్రీవీ కౌన్సిల్ స్పష్టం చేసింది. అదే సమయంలో ఒక పరిమితిని కూడా సూచించింది. ఆ అప్పగింత వల్ల బిడ్డకు కొత్త అనుబంధాలు ఏర్పడి, వాటిని తెంచడం బిడ్డ క్షేమానికి భంగకరమైతే న్యాయస్థానం తండ్రిని అడ్డుకోవచ్చు.

ఈ రెండు సూత్రాల మధ్య గీత స్పష్టంగానే కనిపిస్తుంది. దత్తత అయితే తిరుగు లేదు. పెంపకానికి అప్పగించడం మాత్రమే అయితే తిరుగు ఉంది, అయితే బిడ్డ క్షేమం దానికి హద్దు. ఆ తరువాతి కాలంలో వివాదమంతా ఒక సంఘటన ఈ గీతకు ఏ వైపున పడుతుందన్న దాని మీదనే నడిచింది. తండ్రి చదువుకున్నవాడు కావడం, మద్రాసు నగరంలో న్యాయవాదులను పెట్టుకోగలగడం, లండను దాకా వాదన సాగడం కూడా ఈ సూత్రం పుట్టడానికి కారణమయ్యాయని గమనించాలి.

3. సంస్థల ప్రవేశం: 1984 తీర్పు

స్వాతంత్ర్యానంతరం హిందువులకు దత్తత చట్టం వచ్చినా, ఇతర మతాలవారికి, విదేశీయులకు అటువంటి చట్టం లేదు. అందరికీ వర్తించే దత్తత బిల్లును 1972లోను, 1980లోను పార్లమెంటులో ప్రవేశపెట్టినా అవి చట్టరూపం దాల్చలేదు. అందుచేత విదేశీ దంపతులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద న్యాయస్థానం ద్వారా సంరక్షకులుగా నియమితులై, బిడ్డను తమ దేశానికి తీసుకువెళ్లి అక్కడ దత్తత పూర్తి చేసుకునేవారు. పెంపకానికి అప్పగించే చట్టం ఆ విధంగా శాశ్వత వియోగానికి సాధనమైంది. సూత్రం ప్రకారం వెనక్కు తీసుకోదగిన సంరక్షకత్వం, బిడ్డ సముద్రం దాటిన తరువాత ఆచరణలో వెనక్కు తీసుకోలేనిదిగా మారింది.

ఈ వ్యవహారాలలో జరుగుతున్న అక్రమాల గురించి న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన లేఖను సుప్రీంకోర్టు రిట్ పిటిషనుగా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న న్యాయమూర్తి పి.ఎన్.భగవతి వెలువరించిన తీర్పు దశాబ్దాల పాటు దేశంలో దత్తత ప్రక్రియకు దిక్సూచిగా నిలిచింది. బిడ్డకు మొదటి చోటు కన్నవారి ఇల్లేననీ, అది సాధ్యం కానప్పుడు దేశంలోని దత్తత కుటుంబమనీ, అదీ దొరకనప్పుడే విదేశీ దత్తత అనీ ఆ తీర్పు వరుస క్రమాన్ని నిర్ధారించింది. బిడ్డ పుట్టకముందు గాని, పుట్టిన మూడు నెలలలోపు గాని దత్తత ఇచ్చే నిర్ణయానికి తల్లిదండ్రులను పురికొల్పరాదని చెప్పింది. ప్రసవానంతర దుస్థితిలో తీసుకున్న నిర్ణయం స్వేచ్ఛతో తీసుకున్నది కాకపోవచ్చునన్న గ్రహింపు ఇందులో ఉన్నది.

అయితే ఆ తీర్పులోనే మరొక ఆదేశం ఉన్నది. సంరక్షకత్వ దరఖాస్తు గురించిన నోటీసును పత్రికలలో ప్రకటించరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. తమ బిడ్డను ఎవరు తీసుకున్నారో కన్నవారికి తెలిస్తే పెంచుకునేవారికి ఇబ్బంది కలుగుతుందన్నది ఉద్దేశం. గోప్యత దృష్ట్యా ఈ జాగ్రత్త సమంజసమే. అయితే పరిత్యాగ పత్రం నిజమైనది కానప్పుడు, బిడ్డ విషయం న్యాయస్థానం ముందుకు వచ్చిందని కన్నవారికి తెలిసే మార్గాలలో ఒకటి దీనితో మూసుకుపోయింది. న్యాయమూర్తి ముందు ఉండేది సంస్థ సమర్పించిన కాగితాలు, పరిశీలక సంస్థ నివేదిక. కన్నతల్లి అక్కడ ఉండదు.

4. తండాల నుండి వచ్చిన కాగితాలు (1999–2001)

ఈ ఏర్పాటులోని లోపం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బట్టబయలైంది. 1999లోను, మళ్లీ 2001లోను హైదరాబాదు, పరిసర ప్రాంతాలలోని కొన్ని దత్తత సంస్థలపై పోలీసు దాడులు జరిగాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల లంబాడా తండాల నుండి ఆడశిశువులను మధ్యవర్తులు సేకరించి సంస్థలకు చేర్చిన తీరు పత్రికలలోకి ఎక్కింది.

దీని వెనుక ఉన్న సామాజిక కారణాలను విస్మరించి కేవలం నేరంగా చూడటం చాలదు. లంబాడా సమాజంలో పూర్వం పెళ్లికొడుకు పక్షమే పెళ్లికూతురి పక్షానికి ఓలి ఇచ్చే ఆచారం ఉండేది. పొరుగు సమాజాల ప్రభావంతో అది క్రమంగా కట్నంగా తిరగబడింది. మెట్ట సేద్యం, కరవు, వలస కూలి బతుకు దీనికి తోడయ్యాయి. ఆడపిల్ల పుట్టడం భారంగా భావించే స్థితి వచ్చింది. లంబాడా ఆడశిశువుల పరిత్యాగంపై భంగ్యా భుక్యా, గీతా రామస్వామి చేసిన అధ్యయనం ఈ పరిణామాన్ని ఆ సమాజం మొత్తం ఎదుర్కొంటున్న సంక్షోభంతో ముడిపెట్టి చూసింది.

న్యాయదృష్టితో చూస్తే ఇక్కడ కీలకమైనది పరిత్యాగ పత్రం. చదవడం రాని తల్లి, స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. అందులో ఏమి రాసి ఉందో చెప్పేది మధ్యవర్తే. బిడ్డ హాస్టలులో పెరుగుతుందనీ, చదువు పూర్తయ్యాక ఇంటికి వస్తుందనీ చెబితే, ఆమె దృష్టిలో అది పెంపకానికి అప్పగించడం మాత్రమే. కాగితం మీద మాత్రం అది శాశ్వత పరిత్యాగం. నారాయణయ్య లేఖ ఏమిటో, దాన్ని ఎప్పుడు వెనక్కు తీసుకోవాలో ఆయనకు తెలుసు. తండాలోని తల్లికి తాను వెనక్కు తీసుకోవలసిన కాగితం ఒకటి ఉందన్న సంగతే తెలిసే వీలు లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2001 ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు జారీ చేసింది. పేదరికం, అధిక సంతానం, ఆడపిల్ల అవాంఛితమన్న భావన అనే కారణాలతో బిడ్డలను వదులుకోవడాన్ని అది నిషేధించింది. పేదరికం నుండి పుట్టిన సమ్మతి సమ్మతి కాదన్న సూత్రాన్ని ఒక రాష్ట్ర ప్రభుత్వం అంత సూటిగా చెప్పడం గమనార్హం. అయితే బిడ్డను వదులుకోవద్దన్న ఆంక్షతో పాటు, బిడ్డను పెంచుకునే శక్తిని తండాకు కల్పించే ఏర్పాటు అంతే బలంగా రాలేదు. ప్రైవేటు సంస్థల నుండి స్వాధీనం చేసుకున్న శిశువులు హైదరాబాదులోని ప్రభుత్వ శిశువిహార్‌కు చేరారు. పత్రాలలోని పేర్లు, ఊళ్లు నమ్మదగినవి కానప్పుడు ఏ బిడ్డ ఏ తల్లిదో తేల్చడం దుస్సాధ్యం. తప్పుడు కాగితం బిడ్డను తల్లి నుండి దూరం చేయడమే కాక, తిరిగి వెళ్లే దారిని కూడా చెరిపివేస్తుంది.

5. చట్టం తెచ్చిన గడువులు

జువెనైల్ జస్టిస్ చట్టం 2000లో వచ్చి, మతంతో నిమిత్తం లేని దత్తతకు దారి వేసింది. 2003లో భారతదేశం దేశాంతర దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. 2015 నాటి కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం ప్రక్రియను మరింత విపులంగా నిర్దేశించింది.

ఆ చట్టం ప్రకారం కన్నవారు బిడ్డను అప్పగించదలిస్తే బాలల సంక్షేమ కమిటీ ముందు పత్రం రాసి ఇవ్వాలి. పునరాలోచనకు వారికి రెండు నెలల గడువు ఉంటుంది. దిక్కులేకుండా దొరికిన బిడ్డ విషయంలో కమిటీ విచారణ జరిపి, కన్నవారి కోసం వెతకాలి. బిడ్డ రెండేళ్లలోపు వయసుదైతే రెండు నెలలలోను, అంతకు మించిన వయసుదైతే నాలుగు నెలలలోను దత్తతకు చట్టరీత్యా అర్హమైనదిగా ప్రకటించాలి. ఆ తరువాతే బిడ్డ పెంచుకోదలచిన దంపతుల వద్దకు దత్తత పూర్వ సంరక్షణ కోసం వెళుతుంది. 2022 దాకా చివరగా న్యాయస్థానం దత్తత ఉత్తర్వు ఇచ్చేది.

కాగితం మీద ఇది 1984 నాటి తీర్పు ఆశయాలకు దగ్గరగానే ఉన్నది. అయితే కన్నవారా, దత్తతా అన్న అసలు నిర్ణయం న్యాయస్థానం కంటే ముందు, కమిటీ స్థాయిలోనే జరిగిపోతుంది. ఇంగ్లండుతో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ కన్నవారి ఇష్టానికి వ్యతిరేకంగా కూడా దత్తతకు న్యాయస్థానం ఆదేశించవచ్చు. ఆ అధికారం ఎంతో కఠినమైనది. కానీ కన్నవారు ఆ విచారణలో కక్షిదారులు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ వెంటనే అప్పీలు న్యాయస్థానం, మరే మార్గమూ పనికిరానప్పుడే దత్తతకు పోవాలనీ, బిడ్డను ఇంటికి పంపడం సహా అన్ని అవకాశాలను పక్కపక్కన పెట్టి తూచి కారణాలు రాయాలనీ గట్టిగా చెప్పాయి. మన దేశంలో కన్నవారి సమ్మతి లేకుండా దత్తత లేదన్నది సూత్రం. అందువల్లనే సమ్మతి ఉన్నదని చూపే కాగితం వచ్చిన తరువాత కన్నవారిని మళ్లీ అడగవలసిన సందర్భం రాదు.

6. తిరువనంతపురం ఉత్తర్వు (2021)

ఈ నేపథ్యంలో 2021 నాటి తిరువనంతపురం ఉదంతానికి ప్రాధాన్యం ఉన్నది. 2020 అక్టోబరులో ఒక అవివాహిత యువతికి మగబిడ్డ పుట్టాడు. ఆమె తల్లిదండ్రులు ఆ సంబంధాన్ని అంగీకరించలేదు. కొద్ది రోజులకే బిడ్డ ఆమెకు దూరమై, రాష్ట్ర శిశు సంక్షేమ మండలి నడిపే ‘అమ్మతొట్టిల్’ అనే ఊయల కేంద్రానికి చేరాడు. ఆమె సమ్మతితోనే అప్పగించామని ఆమె తల్లిదండ్రులు అన్నారు. తనను మభ్యపెట్టి సంతకం తీసుకున్నారని ఆమె అన్నది. 2021 ఏప్రిల్‌లో ఆమె పోలీసులను ఆశ్రయించినా, కేసు నమోదైంది అక్టోబరులోనే. ఈలోగా ఆగస్టులో ఆ బిడ్డను ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతులకు దత్తత పూర్వ సంరక్షణ కింద అప్పగించారు.

తుది దత్తత ఉత్తర్వు కోసం పిటిషను తిరువనంతపురం కుటుంబ న్యాయస్థానం ముందు ఉన్నది. తల్లి బహిరంగంగా నిరసనకు దిగింది, విషయం రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. అక్టోబరు చివరి వారంలో న్యాయస్థానం దత్తత ప్రక్రియను నిలిపివేసింది. బిడ్డ నిజంగా పరిత్యక్తుడా, అప్పగింతకు గురైనవాడా అన్నది తేలాలని భావించింది. నవంబరులో బాలల సంక్షేమ కమిటీ బిడ్డను వెనక్కు తీసుకురావాలని ఆదేశించింది. అధికారుల బృందం ఆంధ్రప్రదేశ్ వచ్చి బిడ్డను తీసుకువెళ్లింది. డీఎన్ఏ పరీక్షలో తల్లిదండ్రులు ఎవరో నిర్ధారణ అయింది. నవంబరు 24న న్యాయస్థానం బిడ్డను కన్నతల్లికి అప్పగించింది.

ఈ ఉదంతంలో మూడు అంశాలు పరిశీలించదగినవి. మొదటిది, న్యాయస్థానం కాగితం దగ్గర ఆగిపోలేదు. దత్తతకు అర్హుడని కమిటీ ఇచ్చిన ప్రకటన చేతిలో ఉన్నా, దాని పునాదిని మళ్లీ తరచి చూసింది. రెండవది, కాలం. తుది ఉత్తర్వు వెలువడి ఉంటే 1899 నాటి సూత్రం అడ్డు నిలిచేది. ఉత్తర్వు ఇంకా రానందువల్లనే ఈ వివాదం గీతకు ఇవతలి వైపున, 1914 నాటి సూత్రం పరిధిలో నిలిచింది.

మూడవది, ఆంధ్రప్రదేశ్ దంపతుల స్థితి. వారు చట్టబద్ధమైన మార్గంలో దరఖాస్తు చేసి, వంతు వచ్చేదాకా వేచి ఉండి బిడ్డను పొందినవారు. మూడు నెలల పాటు పెంచుకున్న పసివాణ్ణి ఏ తప్పూ లేకుండా వదులుకోవలసి వచ్చింది. కమిటీ స్థాయిలో విచారణ సక్రమంగా జరిగి ఉంటే తల్లికి ఏడాది వియోగం తప్పేది, వారికి ఈ వేదన తప్పేది. విచారణ లోపానికి మూల్యం కన్నవారూ పెంచినవారూ ఇద్దరూ చెల్లించారు. కన్నవారి హక్కును పరిరక్షించే జాగ్రత్త పెంచుకునేవారికి వ్యతిరేకం కాదని, అది వారికీ రక్షణేనని ఈ ఉదంతం చెబుతుంది.

7. న్యాయస్థానం నుండి కలెక్టరేటుకు

ఈ వివాదం నడుస్తున్న సంవత్సరంలోనే పార్లమెంటు జువెనైల్ జస్టిస్ చట్టాన్ని సవరించింది. 2022 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన ఆ సవరణతో దత్తత ఉత్తర్వు జారీ చేసే అధికారం న్యాయస్థానం నుండి జిల్లా మెజిస్ట్రేటుకు మారింది. ఆ ఉత్తర్వుపై అప్పీలు డివిజనల్ కమిషనరుకు వెళుతుంది. న్యాయస్థానాలలో పిటిషన్లు నెలల తరబడి పేరుకుపోవడం దీనికి చెప్పిన కారణం. ఆ కారణం కాదనలేనిది. సంరక్షణ గృహంలో గడిచే ప్రతి నెలా పసిబిడ్డకు నష్టమే.

అయితే తిరువనంతపురంలో బిడ్డ తల్లికి దక్కడానికి తోడ్పడినది, తుది ఉత్తర్వుకు ముందు ఒక స్వతంత్ర న్యాయాధికారి ఆగి ప్రశ్నించే అవకాశం ఉండటమే. బాలల సంక్షేమ యంత్రాంగం జిల్లా పాలనలో భాగం. ఆ యంత్రాంగం ఇచ్చిన ప్రకటనను దానిపై పర్యవేక్షణ ఉన్న అధికారి మళ్లీ ప్రశ్నించడం ఎంతవరకు జరుగుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

8. ముగింపు

కన్నవారి ఇల్లే బిడ్డకు మొదటి చోటు అన్న సూత్రాన్ని 1914 నుండి నేటి వరకు ఏ న్యాయస్థానమూ నిరాకరించలేదు. దానికి బిడ్డ క్షేమం హద్దు అన్న మాటనూ నిరాకరించలేదు. ప్రతి సందర్భంలోనూ బిడ్డను వెనక్కు పంపడమే న్యాయమని ఈ చరిత్ర చెప్పదు. కృష్ణమూర్తి సోదరులు తండ్రి దగ్గరకు తిరిగి రాలేదు, రావాలని కోరుకోలేదు కూడా.

సూత్రం ఒక్కటే అయినా ఫలితాలు వేరయ్యాయి. విశ్రాంత ఉద్యోగి అయిన తండ్రి తన లేఖను వెనక్కు తీసుకుంటున్నానని ఉన్నత న్యాయస్థానాలకు చెప్పగలిగాడు. నగరంలో చదువుకున్న తల్లి నిరసన తెలిపి న్యాయస్థానాన్ని కదిలించగలిగింది. తండాలో వేలిముద్ర వేసిన తల్లి ఏ న్యాయమూర్తి ఎదుటా నిలబడలేదు. ఆమె పేరు మీద ఒక కాగితం మాత్రం నిలబడింది. దత్తత ఉత్తర్వు ఇచ్చేది న్యాయమూర్తి అయినా, జిల్లా మెజిస్ట్రేటు అయినా, ఆ కాగితం వెనుక ఉన్న మనిషిని ఆమె భాషలో, ఆమె ఊళ్లో, మధ్యవర్తి లేకుండా ఒకసారి అడిగి తెలుసుకోవడం ప్రక్రియలో తప్పనిసరి భాగం కావాలి. అప్పుడే కన్నవారికి ప్రథమ స్థానం అన్న సూత్రం, న్యాయస్థానం దాకా రాలేనివారికి కూడా వర్తిస్తుంది.